రెండు వేల రొయ్య.. రెండు రోజులే!

ఆ రొయ్య ఖరీదు దాదాపు రెండు వేలు. వండుకునే రొయ్య కాదు. ఎర్రటి ఒంటి మీద తెల్ల చార, పొడుగు మీసాలు. ‘క్లీనర్ ష్రింప్’ అంటారు. చేపల ఒంటికి పట్టిన పురుగుల్ని ఏరుకుని తింటుంది. దాన్ని శనివారం సాయంత్రం మా ట్యాంకులో వదిలాను. సోమవారం పొద్దున లేచి చూస్తే వెల్లకిలా పడి ఉంది.

‘‘రెండు వేలు పెట్టి ఒక్క రొయ్యా? ఆ డబ్బుతో వీధి మొత్తానికి ఇగురు పెట్టొచ్చు’’ అంది అమ్మ. నవ్వలేకపోయా. అంతకు ముందు వారమే నాలుగు నత్తలు పోయాయి. రెండు క్లౌన్ ఫిష్‌లు మాత్రం ఏమీ పట్టనట్టు తిరుగుతున్నాయి. చేపలకు లేని జబ్బు రొయ్యకీ నత్తలకీ ఎందుకొచ్చింది?

షాపతనికి ఫోన్ చేశా. ఉప్పు చూశావా, వేడి చూశావా అని అడుగుతాడనుకున్నా. అతను ఒకటే అడిగాడు. ‘‘అన్నా, నీళ్లు ఎక్కడివి పోశారు?’’

‘‘తాగే నీళ్లే. వంటింట్లో ఆర్‌ఓ ఉంది కదా.’’

‘‘కాపర్‌దా?’’

వెళ్లి చూశా. మెషిన్ మీద రాగి రంగు స్టిక్కర్ మెరుస్తోంది. రాగి బిందెలో నీళ్లు తాగితే మంచిదని అమ్మ ఏరికోరి కొన్న మోడల్. ఫిల్టర్ అయిన నీళ్లలో చివర్లో కొంచెం రాగి కలుపుతుంది. మనిషికి ఆ కాస్త రాగితో ఇబ్బంది లేదు. రొయ్యలకు, నత్తలకు, పగడాలకు మాత్రం అది విషం. విచిత్రం ఏంటంటే, రొయ్య రక్తంలో ఆక్సిజన్ మోసే పదార్థంలో ఉండేదే రాగి. మనకు ఇనుము ఎలాగో దానికి రాగి అలాగ. అయినా నీళ్లలో కాస్త ఎక్కువైతే బతకదు. చేపలు తట్టుకుంటాయి. అందుకే చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే వేరే ట్యాంకులో పెట్టి రాగి మందుతోనే వైద్యం చేస్తారు.

కాపర్ టెస్ట్ కిట్ తెప్పించి చూస్తే అనుమానం నిజమైంది. రాగి ఇసుకకీ రాళ్లకీ పట్టుకుని మెల్లగా నీళ్లలోకి వదులుతూ ఉంటుందట. దాంతో ఇసుక, రాళ్లు అన్నీ పారేసి మొదటికొచ్చాను. ఆరు వారాల పని గంగలో కలిసింది!

ఇక్కడ నేను చేసిన తప్పు ఇంకోటుంది. టీడీఎస్ మీటర్ ముంచి చూశా, 70 వచ్చింది. తక్కువే కదా అని మురిసిపోయా. ఆ మీటర్ నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో కొలిచి అంకె చూపిస్తుంది, అంతే. ఆ 70లో కాల్షియం ఎంత, రాగి ఎంత అన్నది దానికి తెలీదు.

సరే, మరి ఏ నీళ్లు పోయాలి? మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. ట్యాంకు 100 లీటర్లు. మీటర్ పట్టుకుని ఇల్లంతా తిరిగా. బోరు నీళ్లు 900 దాటాయి. బకెట్ అంచున తెల్లగా పేరుకునే ఆ గార అంతా అందులోదే. వేసవిలో వచ్చే ట్యాంకర్ ఈ వారం ఒక బోరు నుంచి, వచ్చే వారం ఇంకో బోరు నుంచి. దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. నల్లా నీళ్లు 250 దగ్గరున్నాయి. వాటిలో క్లోరిన్ ఉంటుంది. దాన్ని ఎలాగోలా వదిలించొచ్చు కానీ నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్ లాంటివి ఎక్కడికీ పోవు. అవి నాచుకు ఎరువు. కొత్త ట్యాంకులో అద్దాలన్నీ గోధుమ రంగు జిడ్డు పట్టాయని ఏడ్చేవాళ్లు చాలాసార్లు చూడాల్సింది ఆ నీళ్లనే.

‘కొంచెం ఉంటే ఏమవుతుందిలే’ అనిపించొచ్చు. నాకూ అనిపించింది. లెక్క వేసి చూశా. మా ట్యాంకులో రోజుకు లీటరున్నర దాకా ఆవిరైపోతుంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులో ఉన్నవన్నీ ట్యాంకులోనే ఉండిపోతాయి. ఏడాదికి దగ్గర దగ్గర 550 లీటర్లు పోస్తాం. లీటరుకు 250 మిల్లీగ్రాముల చొప్పున 130 గ్రాముల పైనే ఏవేవో లవణాలు పేరుకుంటాయి. మధ్యలో నీళ్లు మారుస్తాం కాబట్టి అంతా మిగలదు కానీ, పోగవడం మాత్రం ఆగదు. అన్నట్టు, తగ్గిన నీళ్ల స్థానంలో ఉప్పు నీళ్లు పోయకండి. ఉప్పు ఆవిరి కాదు. మంచి నీళ్లే పోయాలి.

ఏసీ నీళ్లు పట్టుకోమని ఆఫీసులో ఒకడు సలహా ఇచ్చాడు. స్వచ్ఛమైన నీరే కదా అని వాడి లాజిక్. కానీ ఆ నీరు జారేది రాగి గొట్టాల మీంచి, ఏడాది దుమ్ము మీంచి. మళ్లీ రాగి! వద్దురా బాబూ అన్నా. ఇన్వర్టర్‌కి పోసే బ్యాటరీ వాటర్ కూడా అడిగి చూశా. డబ్బాల లెక్కన కొంటే జేబు ఖాళీ, పైగా అందులో ఏముందో రాసి ఉండదు.

తర్వాత విశాఖలో ఉన్న మామయ్య గుర్తొచ్చాడు. ‘‘మామయ్యా, కారులో వచ్చేటప్పుడు నాలుగు క్యాన్లు సముద్రపు నీళ్లు తెస్తావా?’’ అన్నా. గట్టిగా నవ్వాడు. ‘‘ఏ ఒడ్డు నీళ్లు కావాల్రా? హార్బర్ పక్కవా, డ్రైనేజీ కలిసే చోటువా?’’

ఆయన ఎగతాళిలో నిజం ఉంది. ఒడ్డు నీళ్లలో ఊరి మురుగు, పడవల ఆయిల్ కలుస్తాయి. వానాకాలంలో నదుల నీళ్లు కలిసి ఉప్పదనం కూడా తగ్గుతుంది. అసలే బంగాళాఖాతం అరేబియా సముద్రం కంటే ఉప్పు తక్కువ. క్యాన్‌లో మూసి పెడితే అందులోని సూక్ష్మజీవులు చచ్చి నీళ్లు కంపు కొడతాయి. భీమిలి వైపు రొయ్యల హ్యాచరీలు సముద్రపు నీళ్లే వాడతాయి నిజమే, కానీ వాళ్లు వడకట్టి, క్రిములను చంపాకే వాడతారు. ఒడ్డునే ఉంటూ, శుభ్రమైన చోటు తెలిసి, ఆ ఏర్పాట్లన్నీ చేసుకోగలిగితే సముద్రపు నీళ్లు మంచివే. 600 కిలోమీటర్ల దూరం నుంచి క్యాన్లలో మోసుకొచ్చుకునే నాకు కాదు.

చివరికి ఆర్‌ఓ–డీఐ యూనిట్ కొన్నా. ముందు మట్టిని ఆపే ఫిల్టర్, తర్వాత క్లోరిన్‌ని పట్టే కార్బన్ (క్లోరిన్ తగిలితే మెంబ్రేన్ పాడవుతుంది), తర్వాత ఆర్‌ఓ మెంబ్రేన్, చివర డీఐ రెసిన్. వంటింటి మెషిన్ చివర్లో మినరల్స్ కలుపుతుంది, ఇది మిగిలిన కాస్త కూడా లాగేస్తుంది. మీటర్‌లో సున్నా! సున్నా దాటి పైకి వస్తుంటే రెసిన్ మార్చాలని అర్థం. ఆ నీళ్లలో మెరైన్ సాల్ట్ లీటరుకు సుమారు 35 గ్రాములు కలిపి, చిన్న పంపు పెట్టి ఒక రోజు తిప్పి, రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 చూసుకుని పోస్తున్నా. వంటింటి ఉప్పుతో పని జరగదు, అందులో సముద్రంలో ఉండే మెగ్నీషియం, కాల్షియం ఆ మోతాదులో ఉండవు.

అంతా బాగుంది కానీ, ఒక్క విషయం నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. లీటరు మంచి నీళ్లు తీస్తే మూడు లీటర్లు బయటికి పోతున్నాయి. మొదటి రోజు ట్యాంకు నింపడానికి 300 లీటర్లు! అది ఏప్రిల్. కింద పోర్షన్ ఆంటీ ట్యాంకర్ కోసం వాచ్‌మన్‌తో గొడవ పడుతుంటే, నేను పైన చేపల కోసం నీళ్లు కాలువలో వదులుతున్నా. సిగ్గనిపించింది. మధ్యలోనే ఆపేసి రెండు డ్రమ్ములు కొన్నా. ఇప్పుడు ఆ వదిలే నీళ్లు బాత్రూమ్ ఫ్లష్‌కి, ఇల్లు తుడవడానికి. మొక్కలకు మాత్రం పోయడం లేదు, లవణాలు ఎక్కువ. వారానికి తీసేది 20, 25 లీటర్లే కాబట్టి 75 లీటర్ల దాకా మిగులుతాయి. అవి మూడు నాలుగు రోజుల్లో అయిపోతున్నాయి. డ్రమ్ము నిండి ఉంటే ఆ రోజు యూనిట్ ఆన్ చేయను.

కొత్త ఇసుక, కొత్త రాళ్లతో మళ్లీ ఆరు వారాలు ఆగా. ముందు రెండు నత్తలు వేసి చూశా. నెల దాటింది, అద్దం మీద నాచు గీకుతూ తిరుగుతున్నాయి. మొన్న ఆదివారం ఇంకో క్లీనర్ ష్రింప్ తెచ్చా. అమ్మ ధర అడిగింది. ఎనిమిది వందలన్నా.