బదిలీ మీద వచ్చి బందరులో ఉండిపోయినవారు

నాన్నగారికో అమ్మగారికో బదిలీ ఉత్తర్వు వస్తే సామాను సర్దుకుని కొత్త ఊరికి బయలుదేరడం మనకు అలవాటే. సుమారు నాలుగు వందల ఏళ్ల క్రితం కూడా ఇలాగే ఉద్యోగాల మీద ఊళ్లు మారుతూ తెలుగు తీరానికి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. వాళ్లలో కొందరు తిరిగి వెళ్లలేకపోయారు. వాళ్ల సమాధులు కృష్ణా జిల్లా మచిలీపట్నంలో నేటికీ ఉన్నాయి. ఆ చోటే డచ్చివారి శ్మశానం.

మచిలీపట్నాన్ని మనం బందరు అంటాం. బందరు అంటే ఓడరేవు. 17వ శతాబ్దంలో ఇది గోల్కొండ రాజ్యానికి ముఖ్యమైన రేవు. 1602లో హాలండులో ఏర్పడిన డచ్ ఈస్టిండియా కంపెనీ 1605–06లోనే ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది. ఆంగ్లేయులు వచ్చింది ఆ తరువాత, 1611లో. డచ్చివారికి కావలసింది మన అద్దకం బట్టలు. వాటిని ఇండోనేషియా దీవులకు తీసుకుపోయి, అక్కడ లవంగాలు, జాజికాయలు, మిరియాలు కొనేవారు. బందరు, దాని పక్కనున్న పెడన ఇప్పటికీ కలంకారీకి పేరుపొందినవే.

ఆసియాలో కంపెనీకి పెద్ద కార్యాలయం బటావియాలో, అంటే నేటి జకార్తాలో ఉండేది. ఉద్యోగులు ఒక రేవు నుంచి మరో రేవుకు మారుతూ ఉండేవారు. బందరు, పాలకొల్లు, భీమునిపట్నం, పులికాట్ అన్నీ కంపెనీ స్థావరాలే. కొందరి వెంట భార్యాపిల్లలు కూడా ఉండేవారు. హాలండుకు ఓడ ప్రయాణం నెలల తరబడి సాగేది. అందుకే ఇక్కడ చనిపోయినవారిని ఇక్కడే పూడ్చిపెట్టారు.

ఈ తీరంలోని డచ్ సమాధి రాళ్లు చాలావరకు ఒకే పద్ధతిలో ఉంటాయి. పైన కుటుంబ చిహ్నం, దాని కింద ఉబ్బెత్తుగా చెక్కిన అక్షరాలు. మొదటి మాటలకు ‘ఇక్కడ విశ్రమిస్తున్నారు’ అనో ‘ఇక్కడ పూడ్చబడ్డారు’ అనో అర్థం. తరువాత పేరు, హోదా. ‘ఓపర్‌కోప్‌మన్’ అంటే పెద్ద వర్తకుడు, ‘ఓండర్‌కోప్‌మన్’ అంటే అతనికంటే కింది వర్తకుడు. స్త్రీ అయితే ఫలానావారి భార్య అని ఉంటుంది. వయసును ఏళ్లతో ఆపకుండా నెలలు, రోజులు కూడా లెక్కగట్టి చెక్కించేవారు. పసిబిడ్డ సమాధి మీద ఆ లెక్క చదివితే ఆ తల్లిదండ్రుల దుఃఖం మనకు అర్థమవుతుంది. కోరమాండల్ తీరపు శిల్పుల పనితనానికి ఎంత గిరాకీ అంటే, ఇక్కడ చెక్కిన సమాధి రాళ్లు ఓడలెక్కి బటావియాకు కూడా వెళ్లాయి.

అయితే ఈ రాళ్లు చెప్పేది సగం కథే. చెక్కిన రాయి పెట్టించుకోగలిగింది డబ్బూ హోదా ఉన్నవారే. మామూలు సిపాయిలు, నావికుల పేర్లు ఇలాంటి రాళ్ల మీద అరుదు. కంపెనీ ఈ తీరంలో మనుషులను కూడా కొని, బానిసలుగా ఓడలెక్కించి పంపింది. వాళ్లకు రాయి లేదు. కంపెనీకి లాభాలు తెచ్చిన నేతగాళ్లకు, అద్దకం పనివాళ్లకు కూడా లేదు.

1824 నాటి ఒప్పందం ప్రకారం భారతదేశంలోని డచ్ స్థావరాలు 1825లో ఆంగ్లేయుల చేతికి వచ్చాయి. 1864 నవంబరు 1న వచ్చిన తుపాను ఉప్పెనలో బందరు ప్రాంతంలో దాదాపు 30,000 మంది చనిపోయారు. ఇంత జరిగినా సమాధులు మిగిలాయి. ఊళ్లో పేర్లూ మిగిలాయి. హాలండువారిని తెలుగువారు వలందులన్నారు, ఫ్రెంచివారిని పరాసులన్నారు. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం నేటికీ బందరులో పేటల పేర్లే.

ఉప్పుగాలికి, వానకు రాతి మీద అక్షరాలు అరిగిపోతాయి. అందుకే వాటిని రాసిపెట్టినవారికి మనం రుణపడి ఉన్నాం. కంపెనీ ఉద్యోగి డేనియల్ హావర్ట్ 1693లో అచ్చయిన తన పుస్తకంలో ఈ తీరపు సమాధి రాతలు చేర్చాడు. అలెగ్జాండర్ రీ 1897లో డచ్ కట్టడాల మీద, జె.జె. కాటన్ 1905లో మద్రాసు రాజధానిలోని సమాధి రాతల మీద పుస్తకాలు తెచ్చారు. ఇప్పుడు బందరు శ్మశానం భారత పురావస్తు సర్వే రక్షణలో ఉంది.

మనం ఇప్పుడున్న ఊళ్లోనూ ఇలాంటి పాత శ్మశానం ఉండవచ్చు. పెద్దల అనుమతితో, వారిని తోడు తీసుకుని వెళ్దాం. రాళ్లు ఎక్కవద్దు, వాటి మీద సుద్దముక్కతో గీయవద్దు. కనిపించిన పేరు, సంవత్సరం, హోదా నోటుపుస్తకంలో రాసుకుని, ఒక ప్రతిని బడి గ్రంథాలయానికి ఇద్దాం. వచ్చే బదిలీకి మనం వెళ్లిపోయినా, మన తరువాత ఆ బడికి వచ్చే పిల్లలకు అది పనికొస్తుంది.