బోరుబావికి తగిన పంపు

అనంతపురం జిల్లాలోని కణేకల్ చెరువుకు తుంగభద్ర ఎగువ కాలువ నీరు చేరుతుంది. ఆ నీరందని మెట్ట పొలాలకు బోరుబావియే ఆధారం. బోరు వేయించే రైతు దాని లోతును గూర్చి పదిమందిని విచారిస్తాడు; పంపును మాత్రం పొరుగు పొలంలోని పంపును చూసి కొంటాడు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

పంపు శక్తి పెరిగినంత మాత్రాన బోరులో ఊట పెరగదు. సెకనుకు 1 లీటరు నీటిని 100 మీటర్ల ఎత్తునకు తోడడానికి సుమారు 1 కిలోవాటు శక్తి కావాలి. నష్టాలు కలుపుకొన్నా 3 హెచ్.పి. మోటారు చాలును. అంతే ఊట గల బోరులో 10 హెచ్.పి. మోటారును దించితే నీటిమట్టం పంపు వద్దకు పడిపోతుంది. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది దాని చుట్టూ పారే నీరే. ఆ పారుదల ఆగితే మోటారు వేడెక్కి కాలిపోతుంది. వేరుశనగ ఊడలు దిగే వేళ ఇట్లా జరిగితే, రీవైండింగు ముగిసేలోగా పైరు వాడిపోతుంది, అప్పు మిగులుతుంది.

కనుక ముందుగా కొన్ని గంటలు నీరు తోడి, మట్టం ఎక్కడ నిలుస్తున్నదో గుర్తించాలి. ఈ పరీక్షను వేసవిలో జరపడం మేలు. పంపును ఆ మట్టానికి దిగువన, బోరు అడుగునకు కొంత ఎగువన అమర్చాలి. అడుగుకు ఆనిస్తే ఇసుక చేరి ఇంపెల్లర్లు అరిగిపోతాయి. రాత్రివేళ కరెంటు రాగానే ఆటో స్టార్టరు మోటారును నడిపిస్తుంది. బోరు ఎండినదో లేదో దానికి తెలియదు. నీరు తగ్గగానే మోటారును ఆపే సాధనాన్ని దానితోపాటే బిగించాలి.