అమ్మ అలసట ఎవరి తప్పు?

సాయంత్రం ఏడు గంటల వేళ. పొయ్యిమీద కుక్కరు కూతలు వేస్తూ వుంటుంది. పెద్దవాడికి రేపు లెక్కల పరీక్ష. చిన్నది పాలగ్లాసు కాస్తా అన్నయ్య నోటుపుస్తకం మీద వొలకబోసింది. రేపు పిల్లలచేత ఏదో బొమ్మ చేయించి పంపాలని బడినుంచి ఫోనులో కబురు. సరిగ్గా అప్పుడే ఆయన ఆఫీసునుంచి వచ్చి, "కాఫీ ఏదీ?" అంటారు. అంతే, చిన్నదాని వీపుమీద చెళ్ళున ఒకటి పడుతుంది. రాత్రి నిద్రపోతున్న ఆ పసిదాని వీపు నిమురుతూ, "నేనింత పాపిష్టిదాన్నా!" అని ఆ తల్లి కన్నీళ్ళు పెట్టుకుంటుంది.

సోదరీమణులారా! ఈ దృశ్యం మనలో ఎవరికి తెలియదు? ఆ దెబ్బ పాలు వొలికినందుకా? కానే కాదు. అత్తమీది కోపం దుత్తమీద చూపినట్లు, పొద్దుటినుంచీ పేరుకున్న అలసట అంతా ఆ పసిదానిమీద విరుచుకుపడింది. చూసినవాళ్ళు "ఆవిడకు కోపం ఎక్కువ" అనేసి వూరుకుంటారు. మనమూ అదే నిజమనుకుంటాము. కాని చాలాసార్లు అది స్వభావదోషం కాదు. మోయగలిగినదానికంటే ఎక్కువ మోస్తున్న మనిషి వేసే కేక అది.

అలసట అందరికీ వుంటుంది. ఒక రాత్రి కంటినిండా నిద్రపోతే తీరిపోయేది మామూలు అలసట. నిద్రపోయి లేచినా తీరనిది మరొకటి వుంది. బెల్జియంలో ఇజబెల్ రోస్కామ్, మొయిరా మికొలాజ్‌చాక్ అనే ఇద్దరు మహిళా మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్ని గురించి ఏళ్ళ తరబడి పరిశోధించారు. దాని గుర్తులు నాలుగని వారు చెప్పారు. పిల్లల పని తలచుకుంటేనే వొంట్లో సత్తువ లేనట్లుండటం మొదటిది. అన్నం పెడుతూనే వున్నా, నీళ్ళు పోస్తూనే వున్నా మనసు మాత్రం యంత్రంలా దూరంగా వుండిపోవడం రెండవది. పిల్లల ముద్దుమాటల్లో కూడా సంతోషం దొరకకపోవడం మూడవది. "ఒకప్పుడు నేనిలాంటి తల్లిని కాదే!" అన్న బాధ నాలుగవది.

ఇది ఎందుకు వస్తుంది? త్రాసును తలచుకోండి. ఒక సిబ్బెలో బరువులు: పిల్లల చదువులు, జబ్బులు, ఇంటి ఖర్చులు, ఉద్యోగం, వీటన్నిటికీ మించి "నలుగురూ ఏమనుకుంటారో" అన్న భయం. రెండవ సిబ్బెలో ఆసరాలు: నిద్ర, తోడు చేసే చేయి, ఒక మంచిమాట, కాస్త తీరిక. మొదటి సిబ్బె నెలల తరబడి కిందికే వుండిపోతే ఎంతటి ఓర్పుగల తల్లయినా నలిగిపోతుంది. తండ్రికైనా అంతే.

42 దేశాలలో 17 వేలమందికి పైగా తల్లిదండ్రులను ప్రశ్నించి చేసిన పరిశీలన ఒకటి 2021లో వెలువడింది. ఎవరి బతుకు వారిదిగా వుండే పాశ్చాత్య దేశాలలోనే ఈ జబ్బు ఎక్కువని తేలింది. అంటే డబ్బూ సౌకర్యాలూ వుంటే చాలదు, చుట్టూ మనుషులుండాలి. ఉమ్మడి కుటుంబాలలో కష్టాలు లేవని కాదు. కోడళ్ళ కన్నీళ్ళు ఎవరెరుగనివి? అయినా బిడ్డ ఏడిస్తే ఎత్తుకోవడానికి అక్కడ నాలుగు చేతులుండేవి. ఇప్పుడు నగరాల అపార్టుమెంట్లలో తలుపు వేసుకుంటే మిగిలేవి రెండే చేతులు!

తల్లి అలసట తల్లితో ఆగదు. 1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగం చేశాడు. తల్లి తన పసిబిడ్డతో ఆడుతూ ఆడుతూ, కొద్ది నిమిషాలపాటు ముఖంలో ఏ భావమూ లేకుండా బొమ్మలా వుండిపోవాలి. బిడ్డ మొదట నవ్వి పిలిచింది, చేతులు చాచింది, చివరకు ముఖం తిప్పుకుని ఏడ్చింది. తల్లి మనసు మాట రాని పసివాళ్ళకు కూడా తెలుస్తుందన్నమాట! అయితే తల్లి మళ్ళీ నవ్వి పలకరించగానే బిడ్డ మెల్లగా తేరుకుంది. మనకు ధైర్యమిచ్చేది ఈ రెండవ సంగతే. కోప్పడటం తప్పిపోయినా, తర్వాత దగ్గరకు తీసుకుని "అమ్మ అలిసిపోయిందిరా, కొట్టడం తప్పే" అని చెబితే తెగిన దారం మళ్ళీ ముడిపడుతుంది. అలా చెబితే పిల్లల దగ్గర చులకనైపోతామన్న భయం అక్కరలేదు.

భార్యాభర్తల సంగతీ అంతే. అలసిన ఇంట్లో మాటలు తగ్గి సాధింపులు పెరుగుతాయి. ఈ భారంవల్ల పిల్లలపట్ల నిర్లక్ష్యం, హింస పెరుగుతున్నాయని ఆ బెల్జియం శాస్త్రజ్ఞులే గమనించారు. అమెరికాలో తల్లిదండ్రుల వొత్తిడిని ప్రజారోగ్య సమస్యగా ఎంచి, 2024 ఆగస్టులో ఆ దేశపు సర్జన్ జనరల్ హెచ్చరిక విడుదల చేశారు. చాలా రోజులు వొత్తిడి భరించరానంతగా వుంటోందని అక్కడి తల్లిదండ్రులలో నూటికి 48 మంది చెప్పారు. తక్కిన పెద్దవాళ్ళలో అలా చెప్పినవారు 26 మందే.

మరి మన దేశంలో బరువు ఎవరిమీద వుంది? 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనికి ఆ పని చేసే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. అటు దాదాపు అయిదు గంటలు, ఇటు గంటన్నర! పైగా ఇంటిపని చేసే పురుషులను మాత్రమే తీసుకున్న లెక్క ఇది. చేయనివారిని కూడా కలిపితే ఇంకా తగ్గుతుంది.

కనుక మొదట చేయవలసింది బరువు పంచడం. "నాకు కాస్త సాయం చేయండి" అని బతిమాలవద్దు. "పిల్లల హోంవర్కు మీది, వంట నాది" అని పని విడదీసి వొప్పచెప్పండి. ఆయన తన పద్ధతిలో చేస్తే వంకలు పెట్టకండి. పదేళ్ళ పిల్లవాడు తన కంచం తాను కడుక్కోగలడు, ఆడపిల్లతో సమానంగా. పక్కింటి తల్లితో వంతులు వేసుకుని, వారానికి రెండు సాయంత్రాలు మీరు ఇద్దరి పిల్లలనూ చూడండి, మరో రెండు సాయంత్రాలు ఆమె చూస్తుంది. మనంతట మనం నెత్తికెత్తుకున్న బరువులు కొన్ని దించవచ్చు కూడా. పక్కింటి అబ్బాయికి వచ్చిన ర్యాంకు మనవాడికి రాకపోతే కొంప మునగదు.

1940లలో బి.బి.సి. రేడియోలో తల్లులకోసం ప్రసంగాలు చేసిన ఇంగ్లీషు పిల్లల వైద్యుడు డొనాల్డ్ వినికాట్, బిడ్డకు లోపంలేని తల్లి అక్కరలేదని, చాలినంత మంచి తల్లి వుంటే చాలునని నమ్మాడు. ఆ చాలినంత మంచి తల్లులమే మనలో చాలామందిమి.

ఇంతచేసినా దిగులు వీడకపోతే, పారిపోవాలనో, చచ్చిపోవాలనో, బిడ్డను ఏమైనా చేసేస్తాననో తలపులు వస్తే, దాచుకోకండి. వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పండి, డాక్టరును కలవండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

జ్వరం వస్తే మాత్ర వేసుకోవడానికి సిగ్గుపడము కదా! అలసిపోయానని చెప్పడానికి మాత్రం సిగ్గెందుకు? ఈ రాత్రి పిల్లలు నిద్రపోయాక ఆ మాట ఇంట్లో ఒకరితో అనండి. రేపు సాయంత్రం ఏడు గంటలకు ఆ చిన్నదాని వీపుమీద పడే దెబ్బ బహుశా ఆ మాటతోనే తప్పిపోవచ్చు.