మనకు వందల్లో, అమెరికాలో వేలల్లో.. నెట్ బిల్లులో ఇంత తేడా ఎందుకు?

డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య నెట్ బిల్లు నెలకు 60 డాలర్లు, అంటే మన డబ్బుల్లో 5 వేలు దాటుతుంది. శ్రీకాకుళంలో మా ఇంట్లో బిల్లు వందల్లోనే. ఎందుకలా?

మనం కట్టేదాంట్లో ఎక్కువ భాగం డేటాకి కాదు, ఇంటిదాకా కేబుల్ తెచ్చిన ఖర్చుకే. అమెరికాలో ఇళ్లు దూరం దూరం, కూలీ ఎక్కువ, చాలాచోట్ల ఒకట్రెండు కంపెనీలే. దక్షిణ కొరియాలో అపార్ట్‌మెంట్లే ఎక్కువ కాబట్టి ఒక్క లైన్‌తో వందల ఇళ్లకి ఫాస్ట్ నెట్ ఇవ్వొచ్చు. మన ఏపీ ఫైబర్‌నెట్ అయితే రోడ్లు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదే ఫైబర్ లాగేసింది. అందుకే ₹149కే 15 ఎంబీపీఎస్ నెట్, టీవీ, ఫోన్ ఇవ్వగలిగింది.

కానీ స్తంభం పడితే నెట్ కూడా పోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మన జిల్లాలో వేల స్తంభాలు నేలకూలాయి. అందుకే కొత్త కనెక్షన్ తీసుకునేముందు స్పీడ్, ధరతో పాటు లైన్ స్తంభాల మీద వస్తుందా, భూమిలోంచి వస్తుందా అనేది కూడా అడగండి.