బాకీ అడిగే దేవత... న్యాయం అడిగే దేవుడు

1928లో సిరియా సముద్రతీరంలో ఒక రైతు పొలం దున్నుతుంటే అతని నాగలి రాతిపలకకు తగిలింది. దాని కింద పురాతన సమాధి ఒకటి బయటపడింది. మరుసటి ఏడాది ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త క్లాడ్ షేఫర్ ఆ దగ్గర్లోని రాస్ షమ్రా దిబ్బను తవ్వించగా ఉగారిత్ నగరం వెలుగు చూసింది. క్రీస్తు పూర్వం 12వ శతాబ్దం తొలినాళ్లలో నాశనమైన నగరమది. అక్కడ దొరికిన మట్టిపలకల్లో మూడింటి మీద కిర్త అనే రాజు కథ ఉంది.

కిర్త ఇల్లు తుడిచిపెట్టుకుపోయింది. భార్య లేదు, సింహాసనానికి వారసుడు లేడు. ఏడుస్తూ నిద్రపోయిన రాజుకు ఎల్ అనే దేవుడు కలలో కనిపించి, ‘ఉద్ము పట్టణానికి సైన్యంతో వెళ్లు, అక్కడి రాజకుమార్తె హుర్రియ నీకు భార్య అవుతుంది, పిల్లల్ని కంటుంది’ అని చెప్పాడు. కిర్త బయలుదేరాడు. అయితే మూడో రోజున దారిలో తూరు, సీదోను వారి దేవత అషేరా గుడి దగ్గర ఆగి ఒక మొక్కు మొక్కాడు. హుర్రియ దక్కితే ఆమె తూకానికి మించి వెండి బంగారాలు సమర్పిస్తానన్నాడు. ఆ మొక్కు మొక్కమని ఎల్ చెప్పలేదు. ఇస్తానని ముందే మాట వచ్చిన దానికి రాజు తనంతట తానే ఒక బేరం జోడించాడు.

పెళ్లయింది, పిల్లలు పుట్టారు. మొక్కు మాత్రం తీరలేదు. ఏడేళ్లు గడిచాక దేవత లెక్క తీసింది. రాజు మంచం పట్టాడు. దేశంలో గాదెల్లో గింజలు, తిత్తుల్లో ద్రాక్షారసం, సీసాల్లో నూనె అడుగంటాయి. మొక్కింది ఒక్కడు, పస్తులున్నది రాజ్యమంతా! చివరికి ఎల్ దయవల్ల రాజు కోలుకుని మళ్లీ సింహాసనమెక్కాడు. అప్పుడు పెద్దకొడుకు యస్సిబ్ వచ్చి తండ్రిని నిలదీశాడు. విధవరాలి వ్యాజ్యెం నువ్వు వినడం లేదు, పేదల్ని పీడించేవాళ్లను అడ్డుకోవడం లేదు, తండ్రిలేని పిల్లలకు అన్నం పెట్టడం లేదు, గద్దె దిగు అన్నాడు. రాజు కొడుకును శపించాడు. దొరికిన మూడో పలక అంతటితో ముగుస్తుంది.

ఆ యువరాజు కన్ను సింహాసనం మీదే ఉండవచ్చు. కానీ అతడు మోపిన నేరం చూడండి. రాజ్యంలో విధవరాలికి న్యాయం జరగడం లేదట! మరి దేవతకు కోపం దేనికి వచ్చింది? విధవరాలి కన్నీటికి కాదు, తనకు రావలసిన బంగారం రానందుకు! బాకీ తీర్చితే చాలు, రాజు ఎలాంటివాడైనా ఆమెకు ఫరవాలేదు. ప్రజల్ని ఆకలికి అప్పగించి బాకీ వసూలు చేసే దేవత అది. అలాంటి దేవతను కొలిచే రాజు కూడా తన ప్రజల్ని లెక్కల్లోనే చూస్తాడు.

సరే, ఇది కావ్యంలోని రాజ్యం. పరిశుద్ధ గ్రంథంలోని రాజ్యం మాటేమిటి? అదే అషేరా సీదోను నుంచి ఇశ్రాయేలుకు వచ్చింది. సైన్యంతో కాదు, పెళ్లి ఊరేగింపుతో వచ్చింది. అహాబు రాజు సీదోనీయుల రాజైన ఎత్బయలు కుమార్తె యెజెబెలును వివాహమాడి, బయలుకు బలిపీఠం కట్టించి, అషేరా స్తంభాన్ని నిలబెట్టాడు (1 రాజులు 16:31–33). అషేరాదేవి ప్రవక్తలు నాలుగు వందల మంది రాణిగారి బల్ల దగ్గర భోజనం చేసేవారు (18:19). రాణి అన్నం తినే నోరు రాణిని ప్రశ్నిస్తుందా?

దాని ఫలితం నాబోతు ద్రాక్షతోటలో తేలింది (21వ అధ్యాయం). రాజభవనం పక్కనే ఉన్న తోట రాజుకు కావలసి వచ్చింది. పిత్రార్జితం ఇవ్వనన్నాడు నాబోతు. రాణి రాజు ముద్ర వేసి తాకీదులు పంపింది. ఊరి పెద్దలు ఉపవాసదినం చాటించారు, నాబోతును ప్రజల ముందు కూర్చోబెట్టారు, ఇద్దరు అబద్ధ సాక్షుల్ని నిలబెట్టారు, దేవదూషణ చేశాడంటూ రాళ్లతో కొట్టి చంపారు. ఎంత భక్తిగా జరిగిందో గమనించారా? ఉపవాసం ఉంది, ధర్మశాస్త్రం కోరిన ఇద్దరు సాక్షులు ఉన్నారు, దేవుని నామం కూడా ఉంది. లేనిది న్యాయం ఒక్కటే. రాణి బల్ల దగ్గర తిన్న నాలుగు వందల మందిలో ఒక్కడైనా నోరు విప్పినట్టు లేఖనం చెప్పదు. తోటలోకి ఏలీయాను పంపినవాడు యెహోవా. ఆయన తనకు రావలసిన వెండి గురించి అడగలేదు. నాబోతును చంపి అతని స్వాస్థ్యాన్ని ఆక్రమించావా అని అడిగాడు!

మన దేవుడు లంచం పుచ్చుకోడనీ, తండ్రిలేనివారికీ విధవరాలికీ న్యాయం తీరుస్తాడనీ మోషే ఒకే ఊపిరిలో చెప్పాడు (ద్వితీ 10:17–18). ఆ రెండు మాటలూ విడదీయరానివి. లంచం తీసుకునే దేవుడు పేదవాడికి న్యాయం చేయలేడు, ఎందుకంటే ధనవంతుడు ఎప్పుడూ ఎక్కువే ఇవ్వగలడు. విగ్రహాలకు చెవులుండీ వినవు, వాటిని చేసేవారు వాటివంటివారే అవుతారు అంటాడు కీర్తనకారుడు (115వ కీర్తన). కాబట్టి స్తంభాన్ని ఒక్కదాన్నే నిందించి లాభం లేదు. రాజ్యాన్ని చెడగొట్టింది దాన్ని చెక్కుకున్న మనసు.

ఈ మాట పొరుగువారి గుడి వైపు వేలు చూపించడానికి రాయడం లేదు. వేలు నా వైపే చూపించుకోవాలి. చాలా ఏళ్ల క్రితం నేనొక పల్లె సంఘంలో సేవ చేస్తుండగా మందిరం గోడల దగ్గర ఆగిపోయింది. సంఘ పెద్దల్లో ఒకాయన, తన కొడుక్కి విదేశంలో ఉద్యోగం వస్తే స్లాబు వేయిస్తానని మ్రొక్కుకున్నాడు. ఉద్యోగం వచ్చింది, ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఆదివారం ఆయన సాక్ష్యం చెబుతుంటే అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నది నేనే. ఆ వారంలోనే ఆయన చనిపోయిన తమ్ముడి భార్య పాసుపుస్తకం కొంగులో చుట్టుకుని మా ఇంటికి వచ్చింది. ‘అయ్యగారూ, మా వాటా పొలం బావగారు దున్నేసుకుంటున్నారు. మీరొక్క మాట చెబితే వింటారు’ అంది. నేను చెప్పలేదు. ‘ప్రార్థన చేద్దాం అమ్మా’ అన్నాను. ప్రార్థన చేసి పంపించేశాను. ఆమె మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. కొన్నాళ్లకు మందిరానికి రావడమే మానేసింది.

యెజ్రెయేలు పెద్దలు చాటించిన ఉపవాసానికీ నా ప్రార్థనకూ ఏమిటి తేడా? రెండేళ్ల తర్వాత సిగ్గుపడి ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని ఆయన్నీ అడిగాను. ఆయన కోపగించి వేరే సంఘానికి వెళ్లిపోయాడు. పొలంలో కొంత ఆమెకు దక్కింది, అంతా దక్కలేదు. ఆ స్లాబు కింద ఇప్పటికీ ఆరాధన జరుగుతోంది.

మ్రొక్కుబడి తప్పు కాదు. హన్నా మ్రొక్కుకుంది, చెల్లించింది. కానీ ఆమె దేవుని నోరు మూయించడానికి ఇవ్వలేదు. విధవరాండ్ర ఇళ్లు దిగమింగుతూ దీర్ఘప్రార్థనలు చేసేవారిని యేసుప్రభువు హెచ్చరించాడు (మార్కు 12:40). ఆ వెంటనే కానుకపెట్టె ఎదుట కూర్చుని ఒక బీద విధవరాలు వేసిన రెండు కాసుల్ని చూశాడు. ఇవాళా ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు. కానుకను చూస్తున్నాడు, కానుక తెచ్చిన చేతినీ చూస్తున్నాడు. వచ్చే ఆదివారం కవరులో డబ్బు పెట్టేముందు ఒక్కసారి అడుగుదాం: ఇందులో ఎవరి పొలమైనా, ఎవరి కూలైనా ఉందా? ఉంటే ముందు వారి గుమ్మానికి వెళదాం. మందిరానికి ఆ తర్వాత రావచ్చు, ప్రభువు ఎదురుచూస్తాడు.