కణంలో కరచాలనం

'పెరగాలి' అన్న కబురు కణం గడప దగ్గరికొస్తే లోపలి జన్యువుల దాకా మోసుకెళ్లేదెవరు? 1986లో కెనడాలో టోనీ పాసన్ బృందం ఇందుకు కీలకమైన ఆధారం పట్టుకుంది. దాదాపు 100 అమైనో ఆమ్లాల పొడవుండే ఆ ప్రొటీన్ ముక్క పేరు ఎస్‌హెచ్2.

మరో ప్రొటీన్‌లోని టైరోసిన్‌కు ఫాస్ఫేట్ తగిలితేనే ఎస్‌హెచ్2 వెళ్లి దాన్ని పట్టుకుంటుందని తర్వాత తేలింది. ఫాస్ఫేట్ ఊడిందా, పట్టు వదిలేస్తుంది. ఏది దేన్ని పట్టుకోవాలో టైరోసిన్ పక్కనున్న అమైనో ఆమ్లాలు చెబుతాయి. మనిషి ప్రొటీన్లలో ఇలాంటి ముక్కలు సుమారు 120. ఇలా చేయీ చేయీ కలిపిన ప్రొటీన్ల వలయంలోనే కబురు ముందుకు సాగుతుంది.

పట్టు వీడకపోతేనే ముప్పు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో రెండు జన్యువులు అతుక్కుని బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రొటీన్ పుడుతుంది. అది తనకు తానే ఫాస్ఫేట్ తగిలించుకుంటుంది. గ్రబ్2 ప్రొటీన్ తన ఎస్‌హెచ్2తో దాన్ని పట్టేసుకుంటుంది. బయటి నుంచి కబురు లేకున్నా 'పెరగాలి' అన్న ఆదేశం లోపలికి వెళ్తూనే ఉంటుంది.

2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ ఆ ఫాస్ఫేట్ తగలకుండా అడ్డుకుంటుంది. పట్టుకోవడానికేమీ దొరక్క గొలుసు తెగుతుంది. ఒకప్పుడు కొన్నేళ్లలోనే ప్రాణం తీసిన ఈ జబ్బుతో నేడు చాలామంది రోజూ మందు వేసుకుంటూ దశాబ్దాలు బతుకుతున్నారు.