మ్యాట్రిక్స్ రస్ట్ లైబ్రరీ: పొరల ఎంపిక - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

క్షేత్రపర్యటనలో సేకరించిన మౌఖిక సాహిత్యం, ఆవేదకుల వివరాలు నేడు ఎక్కువగా సందేశ సమూహాల ద్వారానే పరిశోధకుల మధ్య చేతులు మారుతున్నాయి. వాటిలో గోప్యంగా ఉంచుతామని మాట ఇచ్చి తెచ్చుకున్నవీ ఉంటాయి. ఇందుకోసం సొంత ఉపకరణాన్ని నిర్మించుకోదలచిన వారికి ‘మ్యాట్రిక్స్’ ఒక మార్గం. 2014లో మొదలైన ఈ సందేశ నియమావళి బహిరంగమైనది. సర్వర్‌ను ఎవరైనా నడుపుకోవచ్చు. దీనికై రస్ట్ భాషలో రాసిన లైబ్రరీ ‘క్రేట్’ అనే విడివిడి భాగాలుగా, ఒకదానిపై ఒకటి పొరలుగా ఉంది. ఏ పొరను ఎంచుకుంటే ఎంత పని, ఎంత బాధ్యత మనపై పడుతుందో వివరించడం ఈ వ్యాసోద్దేశం.

2. పొరల స్వరూపం:

అట్టడుగున ‘రూమా’ ఉంటుంది. సందేశాలు, అభ్యర్థనలు ఏ రూపంలో ఉండాలో ఇది నిర్వచిస్తుంది. వ్యాకరణం వంటిదన్నమాట, తానుగా ఏమీ మాట్లాడదు. గుప్తీకరణ బాధ్యత ‘మ్యాట్రిక్స్-ఎస్‌డికె-క్రిప్టో’ది. గదులు, సభ్యుల స్థితిని గుర్తుంచుకునేది ‘బేస్’. వీటిపైన ఉన్న ‘మ్యాట్రిక్స్-ఎస్‌డికె’ లాగిన్ మొదలు సందేశం పంపేవరకు అన్నీ నిర్వహిస్తుంది. తెరపై సంభాషణ క్రమాన్ని, గదుల జాబితాను చూపే అవసరం ఉంటే ఆపైన ‘యుఐ’ పొర ఉంది.

వీటిలో అపార్థానికి ఎక్కువ తావిచ్చేది క్రిప్టో పొర. పేరును బట్టి, దీన్ని చేర్చుకుంటే గోప్యత దానంతటదే సమకూరుతుందని అనిపిస్తుంది. నిజానికి ఇది నెట్‌వర్క్‌ను తాకదు. సర్వర్ నుంచి వచ్చిన మార్పులను మనమే దానికి అందించాలి. అది సిద్ధం చేసిన అభ్యర్థనలను మనమే పంపాలి. పంపామన్న సంగతిని, వచ్చిన జవాబును తిరిగి దానికి మనమే తెలియజేయాలి. ఈ చక్రంలో ఒక్క మెట్టు తప్పినా చిక్కే. ఉదాహరణకు, మన పరికరపు కీలు సర్వర్‌కు చేరకపోతే అవతలి పరికరం సమూహపు కీని మనకు రహస్యంగా పంపలేదు. అప్పుడు సందేశం వస్తుంది, కానీ తెరుచుకోదు.

మరి ఇంత శ్రమ పెట్టే పొర ఎందుకు? ఇప్పటికే సొంత నెట్‌వర్క్ వ్యవస్థ ఉన్న అనువర్తనాల కోసం. జావాస్క్రిప్ట్‌లో నిర్మితమైన ‘ఎలిమెంట్ వెబ్’ పాత ‘లిబ్‌ఓల్మ్’ స్థానంలో ఈ పొరనే వెబ్ అసెంబ్లీ ద్వారా వాడుకుంటోంది. కొత్తగా రూపొందిన ‘ఎలిమెంట్ ఎక్స్’ మాత్రం పై పొరలనే ఆశ్రయించింది.

3. ఎంపిక:

కొత్తగా మొదలుపెట్టేవారు, చిన్న బాట్ రాసేవారు సైతం, ‘మ్యాట్రిక్స్-ఎస్‌డికె’తోనే ప్రారంభించడం మేలని నా అభిప్రాయం. కింది పొరకు దిగడం నైపుణ్యానికి గుర్తు కాదు; దిగిన కొద్దీ పరీక్షించవలసినది పెరుగుతుంది. సర్వర్‌నే రాసేవారికి రూమా చాలు. బేస్‌ను విడిగా వాడవలసిన సందర్భం అరుదు.

పై పొరను ఎంచుకున్నా మనకు మిగిలే పని ఒకటుంది: నిల్వ. ఏదీ పేర్కొనకపోతే కీలన్నీ తాత్కాలిక జ్ఞాపకంలోనే ఉంటాయి. ప్రోగ్రామ్ ఆగితే పోతాయి. కనుక మొదటి రోజే ఎస్‌క్యూలైట్ నిల్వను అమర్చాలి. అలా చేయక, సర్వర్‌లో కీల బ్యాకప్ కూడా పెట్టుకోక మళ్లీ లాగిన్ అయితే అది కొత్త పరికరంగా నమోదవుతుంది. అంతకు ముందు సమూహంలోకి చేరిన ఆవేదకుల మాటలు అందులో తెరుచుకోవు.